టోకెన్ నంబరు 73

"ఇంకా మన ముందర నలభై ట్రాక్టర్లు ఉండాయిరా" అన్నాడు మామ, టైరు నీడలో తుండు పరుచుకుంటూ.

చిత్తూరు దగ్గర ఓ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు. లోడెత్తి రెండో రోజు. అడుగున ఉన్న బెంగళూరా మామిడికాయలు మెత్తబడి, ట్రాలీ సందుల్లోంచి రసం కారుతోంది. ఈగల సంగతి చెప్పక్కర్లేదు.

లోపల పాత గుజ్జే అమ్ముడుపోలేదట. కొనేది పెద్ద కూల్‌డ్రింక్ కంపెనీలు, విదేశాలకు పంపేవాళ్లు. ఎక్కడో ఎవరో ఆర్డరు తగ్గిస్తే ఇక్కడ మామ ట్రాక్టర్ కదలదు. 2025లో కిలోకి 12 రూపాయలు అన్నారు గుర్తుందా? ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం కలిపేది 4. మద్దతు లేకపోతే మన కాయ విలువ ఎంతో అప్పుడే తెలిసింది.

ఇంతలో మామ ఫోన్ టింగుమంది. ట్రాక్టర్ బాడుగ డబ్బులు. పంపింది కూతురు, సత్యవేడు పక్కనున్న శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఫోన్లు బిగించే పిల్ల. నైట్ షిఫ్ట్, ఓవర్‌టైమ్.

అదీ బయటి దేశపు కంపెనీయే మరి! ఇసుజు, డైకిన్, మాండెలీజ్ లాంటివి సత్యవేడు పక్కకి రాకపోయుంటే మన పిల్లలు చాలామంది చెన్నై హాస్టళ్లలో ఉండేవాళ్లు. కాకపోతే మా పిల్లది కాంట్రాక్టు ఉద్యోగం. ఆర్డర్లు తగ్గితే ముందు ఆగేది ఆమె ఎక్కే కంపెనీ బస్సే.

ఆ మాట మామతో అనలేదు.

"పాపకి ఫోన్ చేసి తిన్నాదో లేదో అడుగు" అన్నాడు. ముందున్న ట్రాక్టర్ స్టార్టయింది. తుండు దులుపుకుని లేచాడు.