థయోఫ్లావిన్ కర్వ్ కుదరట్లేదా? ముందు మోనోమర్ సంగతి చూడండి

పార్కిన్సన్స్‌లో ముద్దకట్టే ఆల్ఫా సిన్యూక్లిన్ ప్రొటీన్‌తో థయోఫ్లావిన్-టి (ఫైబ్రిల్స్‌కి, అంటే ప్రొటీన్ పోగులకి, అంటుకుంటే మెరిసే రంగు) అస్సే పెడితే, ఒకే నమూనా వేసిన మూడు వెల్స్ (ప్లేట్‌లోని గుంటలు) మూడు దారులు పట్టడం మామూలే. అందరి అనుమానమూ ప్లేట్ రీడర్ మీదికే వెళ్తుంది. తప్పు ఎక్కువగా ట్యూబులో ఉంటుంది.

లయొఫిలైజ్ చేసిన (గడ్డకట్టించి ఆరబెట్టిన) ప్రొటీన్ పొడిని బఫర్‌లో కరిపి నేరుగా వాడితే, అందులో అప్పటికే ఉన్న ఆలిగోమర్లే (కొన్ని అణువులు అతుక్కున్న చిన్న ముద్దలే) విత్తనాలవుతాయి. ల్యాగ్ దశ (సిగ్నల్ లేవకముందు ఉండే విరామం) కుదించుకుపోతుంది, అదీ వెల్‌కో రకంగా. అందుకే అణువుల్ని సైజును బట్టి వేరుచేసే సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్ మీద మోనోమర్ (విడి అణువుల) పీక్‌ను విడిగా తీసి, అదే రోజు వాడాలి. కాలమ్ లేకపోతే కనీసం 100 కిలోడాల్టన్ ఫిల్టర్ గుండా పోనివ్వండి. తర్వాత కాంతి శోషణతో గాఢత కొలవండి. ఈ ప్రొటీన్‌లో ట్రిప్టోఫాన్ లేదు, నాలుగు టైరోసిన్లే. 280 నానోమీటర్ల దగ్గర మోలార్ శోషణ గుణకం 5,960 మాత్రమే. అంటే 70 మైక్రోమోలార్‌కి, సుమారు మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాముకి, రీడింగ్ 0.42 దగ్గర రావాలి. కొలవకుండా పొడి తూకాన్ని నమ్మకండి. అందులో ఉప్పు, తేమ కూడా తూగుతాయి.

అస్సే మిశ్రమం ఇది: పీబీఎస్ బఫర్ (పీహెచ్ 7.4), 20 మైక్రోమోలార్ థయోఫ్లావిన్, సూక్ష్మజీవులు పెరగకుండా 0.02% సోడియం అజైడ్. ప్రొటీన్ అంటుకోని రకం ప్లేట్‌లో వెల్‌కి 100 మైక్రోలీటర్లు, ఒక్కో గాజుపూస, 37 డిగ్రీలు, షేకింగ్. సీల్ వదులైతే అంచు వెల్స్ ఆవిరై గాఢత పెరుగుతుంది, కర్వ్ ముందే లేస్తుంది. పిపెట్ చేసేటప్పుడు బుడగలు రానివ్వొద్దు. గాలీ నీరూ కలిసే అంచు దగ్గరే న్యూక్లియేషన్ (తొలి విత్తనం ఏర్పడటం) తేలిగ్గా మొదలవుతుంది. ఇవన్నీ సరిచేసినా కొంత తేడా మిగులుతుంది. న్యూక్లియేషన్ స్వభావమే అంత. సోనికేట్ చేసిన (శబ్ద తరంగాలతో ముక్కలు చేసిన) ఫైబ్రిల్స్ తగినన్ని, ఉదాహరణకు 5%, కలిపితే ల్యాగ్ దాదాపు మాయమై వెల్స్ దగ్గరపడతాయి.

ఇక 'మా మందు అగ్రిగేషన్ ఆపేసింది' అనే వాదన. ఉదాహరణకు, పసుపులోని కర్క్యుమిన్ థయోఫ్లావిన్‌ని ఉత్తేజపరిచే 440 నానోమీటర్ల చుట్టుపక్కలే కాంతిని పీల్చుకుంటుంది. సిగ్నల్ పడిపోయినా ఫైబ్రిల్స్ అలాగే ఉండొచ్చు. కాబట్టి చివర్లో సెంట్రిఫ్యూజ్‌లో లక్ష జీ (గురుత్వానికి లక్ష రెట్లు) దగ్గర గంటసేపు తిప్పి, పైద్రవంలో మిగిలిన మోనోమర్‌ని జెల్ మీద చూడాలి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద గ్రిడ్ పెట్టాలి. ఈ రెండూ లేని ఫలితాన్ని నేనైతే నమ్మను.

ఫైబ్రిల్స్ ఒలికితే ఇథనాల్ ఒక్కటే చాలదు, 1% ఎస్‌డీఎస్ (ఒక డిటర్జెంట్)తో తుడవండి. సోనికేషన్ మూత ఉన్న ట్యూబులోనే చేయండి.