ఆ పదకొండు మందిలో బయటికి వెళ్లి వచ్చినవారు

2012 నవంబర్ 25న లెవాంతే జట్టుతో జరిగిన స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లో పద్నాలుగో నిమిషంలోనే బార్సిలోనా ఆటగాడు డానీ ఆల్వెస్ గాయపడగా, అతని స్థానంలో మార్టిన్ మోంతోయా మైదానంలోకి వచ్చాడు. ఆ ఒక్క మార్పుతో బార్సిలోనా తరఫున ఆడుతున్న పదకొండు మందీ ఆ క్లబ్బు సొంత యువ అకాడమీ లా మాసియా నుంచి వచ్చినవారే అయ్యారు. వాల్దేస్, మోంతోయా, పీకే, పుయోల్, ఆల్బా, బుస్కెట్స్, షావి, ఫాబ్రెగాస్, ఇనియెస్టా, పెద్రో, మెస్సీ కలిసి ఆడుతుండగానే నాలుగు గోల్సూ పడ్డాయి. లెవాంతే ఒక్కటీ కొట్టలేకపోయింది. అకాడమీల గొప్పతనం గురించి ఎవరు మాట్లాడినా ఈ మ్యాచ్‌నే ఉదాహరణగా చూపుతారు. విజయవాడలో సాయంత్రం పూట పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే నేను కూడా మా పిల్లలకు ఈ కథ చెబుతూనే ఉంటాను. అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ జాబితాలోని మూడు పేర్లు.

జోర్డి ఆల్బాను పొట్టివాడివి, బక్కపలచనివాడివి అని 2005లో అకాడమీయే పంపించివేసింది. అతడు కోర్నెల్లా అనే చిన్న క్లబ్బులో చేరి, అక్కడి నుంచి వాలెన్సియాకు వెళ్లి, పేరు తెచ్చుకున్నాక 2012లో తిరిగి వచ్చాడు. తాను ఊరికే వదులుకున్న కుర్రవాడినే క్లబ్బు డబ్బు పెట్టి కొనుక్కోవలసి వచ్చింది. సెస్క్ ఫాబ్రెగాస్ పదహారేళ్లకే, 2003లో, ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్‌కు వెళ్లిపోయి 2011లో తిరిగి వచ్చాడు. జెరార్డ్ పీకే 2004లో మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లి 2008లో వెనక్కు వచ్చాడు. సొంత ఇంటి బిడ్డలని మనం చెప్పుకునే పదకొండు మందిలో ముగ్గురు, తమ ఎదుగుదలలో అతి కీలకమైన సంవత్సరాలను బయట గడిపినవారే.

ఫాబ్రెగాస్, పీకే, మెస్సీ ముగ్గురూ 1987లో పుట్టినవారు, ఒకే వయోవిభాగం జట్టులో కలిసి ఆడినవారు. వారికి పద్నాలుగేళ్ల వయసులో శిక్షణ ఇచ్చినవాడు టీటో విలనోవా. లెవాంతేతో ఆడిన రోజున మొదటి జట్టుకు కోచ్‌గా మైదానం అంచున నిలబడి ఉన్నదీ ఆయనే. ఏడాదిన్నర కూడా గడవకముందే, 2014 ఏప్రిల్‌లో, క్యాన్సర్‌తో కన్నుమూసిన ఆ మనిషిని తలచుకోకుండా నేను ఆ మ్యాచ్ దృశ్యాలను చూడలేను. పిల్లలప్పుడు తాను దిద్దిన ఆటను పెద్దల స్థాయిలో పూర్తిగా విచ్చుకోగా చూసే అవకాశం ఏ శిక్షకుడికైనా అరుదుగా దక్కుతుంది.

లా మాసియా మొదట ఒక పాత రైతు ఇల్లు. 1702లో కట్టిన ఆ రాతి భవనాన్ని 1979లో, దూర ప్రాంతాల నుంచి వచ్చే పిల్లలకు వసతి గృహంగా మార్చారు. 2011 నుంచి ఆ వసతి, క్లబ్బు శిక్షణ మైదానాలున్న సాంట్ జోన్ దెస్పీలోని కొత్త భవనానికి మారింది. దగ్గరలో ఉండే పిల్లలు ఇంటి నుంచే వచ్చి వెళతారు. అక్కడ ఉండేవారు ఉదయం అందరిలాగే బడికి వెళ్లి, సాయంత్రం సుమారు గంటన్నర సాధన చేస్తారు. యూరప్ దేశాల జట్లు తలపడే 2024 యూరో పోటీలు జరుగుతున్నప్పుడు, మన పదో తరగతితో పోల్చదగిన చదువులో ఉన్న లా మాసియా కుర్రవాడు లమీన్ యమాల్ జర్మనీలోని స్పెయిన్ జట్టు బసలో హోంవర్క్ చేసుకున్నాడు. సెమీఫైనల్లో ఫ్రాన్స్‌పై గోల్ కొట్టే నాటికి అతనికి ఇంకా పదిహేడు నిండలేదు, ఆ పోటీల మధ్యలోనే పరీక్ష ఉత్తీర్ణుడయ్యానని తెలుసుకున్నాడు.

ఈ సంగతి మా పిల్లల తల్లిదండ్రులకు చెప్పినప్పుడు చాలామంది నమ్మరు. ఏటా జిల్లాల నుంచి వేలమంది పిల్లలు ఇంటర్ చదువు కోసం విజయవాడ హాస్టళ్లకు వస్తారు; వారికి స్టడీ అవర్ ఉంటుంది, వారాంతపు పరీక్ష ఉంటుంది, మైదానం మాత్రం ఉండదు. ఇక్కడి పిల్లలదీ అదే దారి. మా దగ్గర పదో తరగతి దాకా క్రమం తప్పకుండా వచ్చిన కుర్రవాడు ఆ ఏడాది జూన్‌లో మాయమవుతాడు. “రెండేళ్లే కదా సార్, తర్వాత ఆడుకుంటాడు” అని తల్లులు ఎంతో మర్యాదగా చెబుతారు. ఆ రెండేళ్లు పదిహేను, పదహారేళ్ల వయసు కావడమే నా బాధ.

ఎందుకంటే ఆ వయసులో శరీరం అందరిలో ఒకేసారి ఎదగదు. ఒకే తరగతిలో ఉన్న ఇద్దరు పిల్లలలో ఒకడికి మీసం మొలుస్తుంది, మరొకడికి గొంతు కూడా మారి ఉండదు. జనవరిలో పుట్టినవాడిని, డిసెంబరులో పుట్టినవాడిని ఒకే విభాగంలో నిలబెట్టి ఎంపిక చేస్తే సహజంగానే పెద్దవాడే బలంగా, వేగంగా కనిపిస్తాడు. యూరప్ అకాడమీలలో సంవత్సరం తొలి నెలల్లో పుట్టిన పిల్లలు మిగతావారికంటే ఎక్కువగా ఉంటారన్నది పరిశోధకులు ఎన్నో దేశాలలో గమనించిన విషయం. పదమూడేళ్ల మెస్సీకి ఎదుగుదల హార్మోను లోపం ఉన్నా చికిత్స ఖర్చు భరించడానికి ఒప్పుకున్న క్లబ్బే, కొన్నేళ్ల తర్వాత ఆల్బా ఎత్తు చూసి వద్దనుకుంది. అంత అనుభవమున్న కళ్లే పొరబడగలిగినప్పుడు, ఒక్క పూట సెలెక్షన్స్‌లో తీర్పు చెప్పే మన పద్ధతిని నేనెలా సమర్థించగలను?

మా దగ్గర తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్లవాడున్నాడు. జట్టులో అందరికంటే పొట్టివాడు. బంతి తన దగ్గరికి రాకముందే ఒకసారి ఎడమ భుజం మీదుగా, మరొకసారి కుడి భుజం మీదుగా వెనక్కి చూసుకుంటాడు. బంతి కాలికి తగిలేసరికి అది ఎటు వెళ్లాలో అతనికి ముందే తెలిసి ఉంటుంది. ఈ అలవాటును ఎవరూ నేర్పలేదు. రోండో ఆడించినప్పుడు, అంటే గుండ్రంగా నిలబడినవారు ఒక్కో తాకిడితో బంతిని తిప్పుతుంటే మధ్యలో ఉన్న ఇద్దరు అందుకోవడానికి పరుగెత్తే సాధనలో, అతడు మధ్యలోకి వెళ్లవలసి రావడం చాలా అరుదు. లా మాసియాలో చిన్నపిల్లల నుంచి మొదటి జట్టు వరకు రోజూ ఆడే ఆట ఇదే. బుస్కెట్స్, షావి లాంటి వారి కళ్లు అందులోనే పదునెక్కాయి. కిందటి ఏడాది జరిగిన ఒక ఎంపికలో ఆ పిల్లవాడిని వరుసలో నిలబెట్టి, బంతి ఇవ్వకముందే పక్కకు పంపించారు. నాకు ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

అకాడమీ జట్టు గెలిచిన కప్పులు కూడా పిల్లల భవిష్యత్తును చెప్పవు. యూరప్ క్లబ్బుల యువ జట్లు తలపడే యూఈఎఫ్ఏ యూత్ లీగ్‌ను బార్సిలోనా 2014లో, 2018లో, 2025లో గెలుచుకుంది. 2014లో గెలిచిన జట్టు నుంచి మొదటి జట్టులో ఏళ్ల తరబడి నిలదొక్కుకున్నవారు లేరు. మరోవైపు ఆ 2014లోనే పదహారేళ్ల వయసులో అకాడమీని వదిలి క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్‌కు వెళ్లిన డానీ ఓల్మో, జర్మనీ క్లబ్బు లైప్‌జిగ్‌లో రాణించి, పదేళ్ల తర్వాత పెద్ద మొత్తానికి బార్సిలోనాకే తిరిగి వచ్చాడు. ఆల్బా కథ మరో రూపంలో మళ్లీ జరిగినట్లే కదా.

అందుకే ఈ ఏడాది నేను తల్లిదండ్రులతో ముందుగానే మాట్లాడుతున్నాను. పదో తరగతిలోకి, ఇంటర్‌లోకి వెళ్లే పిల్లలను వారానికి మూడు రోజులు, ఉదయం ఐదున్నర నుంచి ఆరున్నర వరకు పంపితే చాలునని, ఆ గంటలో పరుగు పందేలు కాకుండా బంతితో సాధన మాత్రమే చేయిస్తానని చెబుతున్నాను. ఆ పొట్టి పిల్లవాడి తల్లి ఒప్పుకున్నారు. చదువు తగ్గితే మాన్పించేస్తానన్నారు, సరేనన్నాను. హాస్టల్లో చేరబోయే మరో ఇద్దరి విషయంలో వార్డెన్ అనుమతి కోసం వచ్చే వారం వెళ్లి అడగాలి.