గేటు పక్క కాలిబాట

మే నెల, మంగళవారం. తెల్లవారుజామున 5:15కే మా జర్మన్ షెపర్డ్ కుక్క బ్రూనో ప్రహరీ వెంట నాలుగు చుట్లు వేసేశాడు. గేటు నుంచి సంపు దాకా గడ్డి చచ్చిపోయి సన్నని బాట పడింది. చూసినవాళ్లు కాపలా కాస్తున్నాడనుకుంటారు. కాదు, అది గొర్రెల మందని కాసే పని. కంచెల్లేని జర్మనీ చేలల్లో మందకీ పక్క పంటకీ మధ్య రోజంతా అటూ ఇటూ తిరుగుతూ తామే కంచెగా నిలిచిన కుక్కలివి. మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ 1899లో జర్మన్ షెపర్డ్‌కి సంఘం పెట్టింది అలాంటి పనికుక్కల్ని చూసే. పోలీసు డ్యూటీ ఆ తర్వాతి ముచ్చట.

5:30 నుంచి ముప్పావుగంట మట్టి గ్రౌండులో నడక. మొదటి పావుగంట లీష్ వదులుగా పెట్టి వాసనలు చూడనివ్వాలి. ముక్కుకి పని దొరికిన రోజు ఇంటికొచ్చి చెప్పులు కొరకడు. ఇంటికి రాగానే తిండి పెట్టకూడదు, గంట ఆగాలి. తిన్నాక కూడా పరుగులు వద్దు. ఛాతీ లోతుగా ఉండే ఈ జాతిలో కడుపు గాలితో ఉబ్బి మెలిపడే ప్రమాదం ఎక్కువ. పొట్ట బిగుసుకుని, వాంతికి ప్రయత్నిస్తున్నా ఏమీ రాకపోతే, తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. అందుకే రోజు తిండి రెండు పూటలుగా.

7:10కి పాలబ్బాయి. అసలు గొడవంతా ఇక్కడే. కుక్క మొరుగుతుంది, అతను పాలు పోసి వెళ్లిపోతాడు. కుక్క లెక్కలో మాత్రం తను అరిస్తేనే పారిపోయాడు! రోజూ గెలిచే ఆటని ఎవరు మానుకుంటారు? అరిస్తే మనమూ అరవడం ఇంకా తప్పు, తోడు దొరికిందనుకుంటాడు. బండి చప్పుడు సందు మలుపులో వినబడగానే, మొరగకముందే, గేటుకి దూరంగా పరిచిన గోనెపట్టా మీద నాలుగైదు తిండిగింజలు రాల్చాలి. పట్టా మీద పడుకుంటే ఇంకో రెండు. మొదట అయిదు సెకన్లు, తర్వాత పది, ఆపైన ముప్పై. ఇవాళ గింజల డబ్బా మూత తీసేలోపే బండి వచ్చేసింది, పని చెడింది.

పదింటికి దువ్వెన. రాలిన లోపలి బొచ్చు కొబ్బరికాయంత ఉండ అయింది. ఎండలని గుండు కొట్టించడం మంచిది కాదు, పై బొచ్చే ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆపుతుంది. దువ్వుతూనే చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద గోమార్లు వెతకాలి. దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి, చేత్తో నలపకూడదు.

సాయంత్రం ఆరున్నర దాటినా తారురోడ్డు చల్లారదు. చేతి వెనక భాగాన్ని రోడ్డుకి ఏడు సెకన్లు ఆనించలేకపోతే పాదాలకీ అంతే, నడక వాయిదా. ఆ టైముకే పక్కింటి పిల్లలు పెరట్లో పరుగులు మొదలుపెట్టారు. బ్రూనో వాళ్ల చుట్టూ తిరిగి, వెనకబడినవాడి మడమల దగ్గర మూతి పెట్టాడు. కరుద్దామని కాదు, మందలో కలుపుదామని. అయినా చిన్నపిల్లలకి పన్ను గీసుకోవచ్చు కదా. పిల్లలు కేకలేస్తూ పరిగెడితే ఊపు పెరుగుతుంది. చేతులు కట్టుకుని చెట్టులా నిలబడాలి. కదలని గొర్రెతో పనేముంది? అయిదు నిమిషాల్లో వదిలేసి వెళ్లి తాడుబొమ్మ తెచ్చుకున్నాడు.

రాత్రి రెండు గదులూ కనబడే వసారా మూల పడుకున్నాడు. ఆఖరి లైటు ఆర్పేదాకా తల దించలేదు. గోనెపట్టా ఓ మూల పీకేశాడు, రేపు కొత్తది వేయాలి.