డోర్నకల్‌లో బిషప్ గారి గుడి

విజయవాడ నుంచి కాజీపేట వైపు రైల్లో వెళ్లేవాళ్లకు డోర్నకల్ అంటే కొత్తగూడెం లైను విడిపోయే జంక్షన్. బొగ్గు వ్యాగన్లు, ఇంజను మారే దాకా పడిగాపులు. అంతకు మించి ఎవరూ పట్టించుకోరు. మెదక్ చర్చికి జనం బస్సులు కట్టించుకుని మరీ వెళ్తారు. డోర్నకల్‌లో అంతకంటే విచిత్రమైన చర్చి ఉందని చెబితే మా ఇంట్లోవాళ్లే నమ్మలేదు. సరే, నేనొక్కడినే బయలుదేరాను.

ఖమ్మంలో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కితే ఎండ ముదరకముందే చేరుకోవచ్చు. స్టేషను బయట ఆటో అబ్బాయిని "ఎపిఫనీ కెథడ్రల్" అని అడిగితే అయోమయంగా చూశాడు. "బిషప్ గారి గుడి" అన్నాక వెంటనే బండి తిప్పాడు.

చెట్ల మధ్య నుంచి ముందు గుమ్మటాలు కనిపిస్తాయి. వాటి పక్కన మినార్ల లాంటి స్తంభాలు. దగ్గరికి వెళ్తే రాతి స్తంభాల వరుసలు, అచ్చం కోవెల మండపంలో నిలబడ్డట్టే. దూరం నుంచి మసీదు, దగ్గర నుంచి దేవాలయం, లోపలికి వెళ్తే ఆంగ్లికన్ ఆరాధన, అంటే ఇంగ్లండు చర్చి పద్ధతి. చెక్కడాల్లో తామరపువ్వు మీద సిలువ ఉంది. ఇంగ్లండులోని ఏదో పల్లె చర్చిని ఎత్తుకొచ్చి ఎర్రమట్టిలో దింపినట్టుండే కట్టడాలు మన దేశంలో లెక్కలేనన్ని. ఇది ఆ కోవలోది కాదు. గుడి ఈ నేల గుడిలాగే ఉండాలని కట్టించినాయన పట్టుదల.

ఆయన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్లాళన్‌విళైలో పుట్టిన తమిళుడు. తండ్రి పల్లెటూరి చర్చి గురువు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో నడిచే ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. దాని వెనక ప్రధానంగా ఉన్నది అజరయ్యే. తెల్లదొరల చందాలు అక్కర్లేదన్నది వాళ్ల పంతం. ఆ సంఘం పని చేయడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని ఈ డోర్నకల్. 1909లో గురువుగా అభిషేకం పొంది ఇక్కడికి వచ్చిన అజరయ్యకు తెలుగు పరాయి భాషే. ఆ లెక్కన ఆయనా పొరుగు దేశపు మిషనరీ లాంటివాడే! తెలుగు నేర్చుకుని, ఆ తెలుగులోనే జీవితమంతా ప్రసంగాలు చేశారు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. మన దేశంలో ఆంగ్లికన్ బిషప్ పదవి 1814లో కలకత్తాలో మొదలైంది. మొదటి బిషప్ మిడిల్టన్. 1835లో మద్రాసుకు కోరీ వచ్చాడు, రెండేళ్లకు బొంబాయికి కార్. తెలుగునాట మచిలీపట్నంలో నోబుల్, ఫాక్స్ దొరలు 1841లోనే చర్చి మిషనరీ సొసైటీ పని ప్రారంభించారు. తరాల తరబడి ఎందరో తెలుగువాళ్లు క్రైస్తవులయ్యారు, గురువులయ్యారు. బిషప్ మాత్రం ఎప్పుడూ ఇంగ్లీషు దొరే. దాదాపు వందేళ్లు అలాగే నడిచింది.

ఆ వరుస తెంచాలని పట్టుబట్టినవాడు మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్. చాలామంది మిషనరీలు ఎదురుతిరిగారు. భారతీయుడి కింద తెల్లవాళ్లు ఎలా పని చేస్తారన్నది అసలు అభ్యంతరం. మన క్రైస్తవుల్లోనూ కొందరికి ఇష్టం లేదు. చివరికి 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అజరయ్యకు బిషప్ అభిషేకం జరిగింది. ఆయన చేతికిచ్చింది మాత్రం ఒక చిన్న ముక్క. బ్రిటిషు ఇండియాకు బయట, నిజాం ఏలుబడిలో ఉన్న డోర్నకల్ అధ్యక్ష మండలం, అంటే ఒక బిషప్ పాలన కింద ఉండే ప్రాంతం. నాకైతే ఇందులో ఔదార్యం కన్నా జాగ్రత్తే ఎక్కువ కనిపిస్తుంది. ప్రయోగం చెడినా పెద్దగా నష్టం లేని చోటు చూసి ఇచ్చారు.

అజరయ్యకు ఆ సంగతి తెలియదనుకోలేం. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడింబరో ప్రపంచ మిషనరీ సభలో ఆయన తెల్ల మిషనరీల ముఖం మీదే మాట్లాడారు. బీదల కోసం మీ ఆస్తులిచ్చారు, మీ దేహాలనూ కాల్చడానికి అప్పగించారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులనివ్వండి అన్నారు. సభలో చాలామందికి అది మింగుడుపడలేదు.

ఆవరణలో కూర్చున్న ఒక పెద్దాయన నన్ను చూసి మాట కలిపారు. వాళ్ల తాత ఎడ్లబండి మీద వచ్చిన బిషప్ గారిని చూశారట. "మా పల్లెలోకి అడుగుపెట్టి మా ఇంట్లో అన్నం తిన్న మొదటి పెద్దమనిషి ఆయనే అనేవాడు మా తాత" అన్నారు. నేను ఆయన్ను ఆపకుండా విన్నాను. ఈ చరిత్రలో అసలు కథ ఆ పల్లెల్లోనే ఉంది. 1920 తర్వాత కృష్ణా జిల్లా వైపు సంఘాలు కూడా డోర్నకల్ కిందికి వచ్చాయి. మాల, మాదిగ పల్లెలు ఊళ్లకు ఊళ్లే బాప్తిస్మం తీసుకున్నాయి. 1930ల నాటికి ఈ మండలంలో సభ్యులు రెండు లక్షలు దాటారు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత, వాళ్ల తలమీద వాళ్ల చెయ్యే పెట్టించి, "సువార్త ప్రకటించకపోతే నాకు కీడు" అని అజరయ్య చెప్పించేవారట.

ఈ సామూహిక మతమార్పిడుల మీద గాంధీకి, అజరయ్యకు గట్టి భేదాభిప్రాయం ఉండేది. ఎవరి వాదన ఎలా ఉన్నా, ఆ వాదనలో ఆ పల్లెల జనం నోరు వినిపించదు. బావి దగ్గరికి రానివ్వని ఊళ్లో, తమ పిల్లలకు అక్షరం నేర్పే మనిషి దొరికినప్పుడు వాళ్లు ఏమనుకున్నారో అడగాల్సింది వాళ్లనే కదా. అజరయ్యను ఆకాశానికెత్తేవాళ్లూ, విమర్శించేవాళ్లూ వాళ్లను మందగానే లెక్కేస్తారు. ఆ అలవాటు నాకు నచ్చదు.

ఈ గుడికి ప్రతిష్ఠ జరిగింది 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగ (ఎపిఫనీ) నాడు. తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన రోజది. ఆ పేరే గుడికి పెట్టారు. తూర్పు నుంచి వచ్చినవాళ్లు వెతుక్కుంటూ వచ్చి చూశారన్న ఆ కథ తెల్లవాళ్లు తెచ్చిచ్చారన్న కథకు సరిగ్గా ఎదురుగా నిలబడుతుంది. అజరయ్య ఊరికే ఎంచుకుని ఉంటారని నేననుకోను.

ఆయన సమాధి ఈ ఆవరణలోనే ఉంది. 1945 జనవరి 1న పోయారు. ఆంగ్లికన్, మెథడిస్టు, ఇంకా ఇతర సంఘాలు ఒక్కటి కావాలని 1919 తరంగంబాడి సమావేశం నుంచీ ఆయన పని చేశారు. ఆ కలయిక మాత్రం 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో, ఆయన లేకుండానే దక్షిణ ఇండియా సంఘంగా (సీఎస్‌ఐ) జరిగింది. డోర్నకల్ కూడా అందులో భాగమైంది. వెస్లియన్ మెథడిస్టు మిషన్ వాళ్లు కట్టిన మెదక్ చర్చి కూడా అప్పుడే అదే గొడుగు కిందికి వచ్చింది. ఇప్పుడు ఈ రెండూ ఒకే సంఘం.

పెద్దాయన "మొదటి భారతీయ బిషప్" అని గర్వంగా చెప్పారు. ఆంగ్లికన్లలో నిజమే. కానీ 1912 నుంచి 1945 దాకా, ముప్పై రెండేళ్ల పాటు, దేశం మొత్తం మీద ఒక అధ్యక్ష మండలానికి ఆంగ్లికన్ బిషప్‌గా ఉన్న భారతీయుడు ఆయనొక్కడే. రెండోవాడికి తలుపు తెరుచుకోలేదు. అజరయ్య వెళ్లాక డోర్నకల్ పీఠం మీద కూర్చున్నది కూడా ఎలియట్ అనే దొరే. పెద్దాయనకు ఆ సంగతి తెలుసు. "ఎలియట్ దొరగారు మంచివారే" అన్నారు, అంతే.