పొయ్యి చుట్టూ అమరిన ఇల్లు

లిమరిక్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా పనిచేస్తున్న నాకు ఐర్లండ్ పూరిళ్ల సంగతులు అక్కడి పెద్దవాళ్ల నోటనే ఎక్కువగా తెలిశాయి. వాళ్లలో కొందరిని క్లేర్ కౌంటీలోని బన్‌రాటీ ఫోక్ పార్కుకు తీసుకువెళ్లే పని ఒకసారి నాకు పడింది. పాతకాలపు ఇళ్లను సామానుతో సహా చూపించే ఆ చోట మా వాళ్లు సందర్శకుల్లా కాక, ఏ వస్తువు ఎక్కడుండాలో తెలిసిన ఇంటివాళ్లలా తిరిగారు.

ఐర్లండ్‌లో పెద్ద చెట్లు కరువు కాబట్టి బురదనేలల్లో వేల ఏళ్లుగా కూరుకుపోయిన పైన్, ఓక్ మానులను తవ్వి తీసి దూలాలకు వాడుకునేవారు. పొడవైన దూలాలు దొరకడం కష్టం కనుక ఇంటి వెడల్పు ఒక్క గదికి మించేది కాదు. ఆ గదే వంటిల్లు, అదే వసారా, రాత్రికి అదే పడకగది. బల్ల, బెంచీ, గిన్నెల అల్మరా అన్నీ గోడల వెంబడే ఉంటాయి. నడిమి జాగా పనికీ, పండుగనాటి నాట్యానికీ ఖాళీగా వదిలేవారు.

అన్నిటికీ కేంద్రం పొయ్యి. బురదనేలలో కోసి ఎండబెట్టిన టర్ఫ్ (కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడిన, మండే మట్టి) గడ్డలే వంటచెరకు. పొయ్యి పక్కన బిగించిన ఇనుప చేయి తలుపులా తిరుగుతుంది. దానికి వేలాడే కొక్కేలను పైకీ కిందికీ జరిపి సెగను సరిచూసుకునేవారు. మూత ఉన్న మందపాటి ఇనుప కుండలో సోడా రొట్టె పిండిని పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోస్తే పైనా కిందా సమంగా కాలేది. రాత్రి నిప్పుల మీద నివురు కప్పి, పొద్దున్నే దాన్నే మళ్లీ రాజేసేవారు. ఉప్పు తడవకుండా ఉండడానికి పొయ్యి పక్క గోడలో గూడు ఉంటుంది. ముక్కాలి పీటలు ఎగుడుదిగుడు మట్టినేల మీద కూడా కదలకుండా నిలుస్తాయి. పైగా ఎత్తు తక్కువ కనుక కూర్చున్నవాళ్ల తల పొగకు కిందే ఉంటుంది. గడ్డితాడుతో అల్లిన కుర్చీలు చూస్తే మన నులకమంచం అల్లిక గుర్తుకొచ్చింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది సెటిల్ అనే బెంచీ. వీపు ఆనించుకునే పలక, కింద పెట్టె ఉన్న ఆ బెంచీని రాత్రిపూట ముందుకు మడిస్తే నేలమీద పెట్టెమంచం అవుతుంది. అందులో తాము నలుగురు పిల్లలం తలా కాళ్లూ కలిపి పడుకునేవాళ్లమని ఒక పెద్దావిడ చూపించింది. గోడమీద యేసు తిరుహృదయ పటాన్నీ, దాని ముందున్న ఎర్ర దీపాన్నీ చూసి మాత్రం ఆవిడ పెదవి విరిచింది. 1946లో మొదలైన పల్లె విద్యుదీకరణ తమ ఊరికి వచ్చాక అది కరెంటు దీపమైందట, ఇక్కడ నూనె దీపం పెట్టారు.

పోస్టుకార్డుల మీద ముచ్చటగా కనిపించే ఈ ఇళ్ల మీద మా వాళ్లకు అంత మోజు లేదు. పొగ, చెమ్మ, గడ్డికప్పులో చేరే పురుగులు, మంట ముందు మోకాళ్లు కాలుతుంటే వెనక వీపు చల్లబడిపోవడం, వాళ్లు చెప్పుకున్నవి ఇవే. ఇనుప రేంజ్ పొయ్యి ఇంటికి వచ్చిన రోజున తన తల్లి ఇక నడుం వంచి వండక్కర్లేదని ఇరుగుపొరుగుకంతా చెప్పుకుందని ఆ పెద్దావిడే తిరుగు ప్రయాణంలో అంది.