నాన్న ఫైల్ మీద బ్యాంకు ఉత్తరం

పోయిన ఆదివారం పొద్దున్నే మా నాన్న ఫోన్. "అమ్మా, ఏటైపోనాదో తెలీదు, నా మాటల ఫైల్ తెరిస్తే బ్యాంకు ఉత్తరం వస్తంది." టెన్షన్ పడితే ఆయన ముప్పై ఏళ్లు బళ్లో చెప్పిన తెలుగు వదిలేసి సీకాకుళం మాటలోకి వచ్చేస్తారు. సంగతి పెద్దదేనని అప్పుడే అర్థమైంది.

మాటల ఫైల్ అంటే, రిటైరైన దగ్గర్నుంచి ఆయన వర్డ్‌లో కొట్టుకుంటున్న మావైపు మాటల పట్టిక. గుంటడు, బుగత, గెడ్డ, చోళ్లు... ఒక్కో మాటకీ అర్థం, పక్కన మా నానమ్మ ఆ మాట ఎలా వాడేదో ఒక వాక్యం. నాలుగేళ్ల పని. ఆ రోజు పెన్షన్ గురించి బ్యాంకుకు ఉత్తరం రాయాల్సి వచ్చింది, కొత్త ఫైల్ తెరవడానికి బద్ధకించి ఉన్నదాన్నే తెరిచి, కంట్రోల్ ఏ కొట్టి మొత్తం చెరిపేసి, ఉత్తరం టైప్ చేసి, అలవాటు కొద్దీ కంట్రోల్ ఎస్ కొట్టి మూసేశారు. మూసేశాక కంట్రోల్ జెడ్ ఉండదు. రీసైకిల్ బిన్‌లో వెతికినా దొరకదు, ఆయన దేన్నీ డిలీట్ చెయ్యలేదు కదా.

"సిస్టమ్ ఆపెయ్ నాన్నా, ఇంకేమీ ముట్టుకోకు" అన్నాను. అప్పటికే పక్కింటి కుర్రాడు వచ్చి ఏదో రికవరీ సాఫ్ట్‌వేర్ దించుతున్నాడట, అదీ ఫైల్ ఉన్న డీ డ్రైవ్‌లోకే. ఫోన్లోనే అరిచాను. పాపం, సాయానికే వచ్చాడు, కానీ పోయిన ఫైళ్లను పూర్తిగా చంపేది చాలాసార్లు ఇలాంటి సాయమే.

మధ్యాహ్నానికి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి ఇంటికెళ్లాక ఎందుకు అరిచానో ఆయన భాషలోనే చెప్పాను. ఫైల్ తీసేయడమంటే హాజరు పట్టీలో పేరు కొట్టేయడమే. పిల్లాడు ఇంకా ఆ బెంచీ మీదే కూర్చుని ఉంటాడు, కొత్త పిల్లాడొచ్చి అదే చోట కూర్చునేదాకా. ఆ కొత్త పిల్లాడు మనం డౌన్‌లోడ్ చేసే సాఫ్ట్‌వేరే కావచ్చు. "మరి నేను పేరు కొట్టలేదు, పిల్లాణ్నే మార్చేశాను కదా" అన్నారు. మాస్టారు కదా, పట్టేశారు.

అసలు కిటుకు అక్కడే ఉంది. వర్డ్ సేవ్ చేసేటప్పుడు పాత ఫైల్ మీద రాయదు. కొత్త ప్రతిని పక్కన వేరే ఫైల్‌గా రాసుకుని, అది పూర్తయ్యాక పాతదాన్ని తప్పించి కొత్తదానికి ఆ పేరు పెడుతుంది. అంటే సేవ్ కొట్టిన ప్రతిసారీ పాము కుబుసం వదిలినట్టు ఒక పాత ప్రతి డిస్క్ మీద మిగిలిపోతుంది, పేరు లేకుండా, ఎవరూ ఆ చోటు ఆక్రమించనంతకాలం. నోట్‌ప్యాడ్ అలా కాదు, ఉన్న ఫైల్‌లోనే రాసేస్తుంది. ఆయన నోట్‌ప్యాడ్‌లో రాసుకుని ఉంటే నేను బస్సెక్కడం దండగ.

ఇంకో అదృష్టం, అది పాత డెస్క్‌టాప్, తిరిగే హార్డ్ డిస్క్. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లేలు లేని, చిప్‌ల డిస్క్. దాంట్లో ఫైల్ తీసేయగానే విండోస్ ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది, 2009లో వచ్చిన విండోస్ 7 నుంచీ ఇదే పద్ధతి. పేరు కొట్టగానే అటెండర్ వచ్చి బెంచీ తుడిచేసినట్టన్నమాట, తర్వాత చదివితే సాధారణంగా సున్నాలే.

సులువైనవి ముందు చూశాను. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రీవియస్ వెర్షన్స్ చూస్తే ఖాళీ, ఎందుకంటే ఆ పాత ప్రతులు దాచే సిస్టమ్ ప్రొటెక్షన్ మామూలుగా సీ డ్రైవ్‌కే ఆన్ అయి ఉంటుంది. వర్డ్ దాచే ఆటోరికవర్ ఫైల్ కూడా లేదు, సరిగ్గా సేవ్ చేసి మూసేస్తే అదీ పోతుంది. ఇక హార్డ్ డిస్క్ విప్పి, కేబుల్‌తో నా ల్యాప్‌టాప్‌కు తగిలించి, డీ డ్రైవ్ మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైల్‌గా బయటి డిస్క్‌లోకి తీశాను. వెతుకులాటంతా ఆ నకలు మీదే, అసలు డిస్క్‌ను ముట్టుకోలేదు. ఈలోగా అన్నం తిని, ఓ కునుకు తీశాను.

తర్వాత ఫోటోరెక్ అనే రికవరీ సాఫ్ట్‌వేర్. ఉచితం. పేరు చూసి ఫోటోలకే అనుకుంటారు గానీ డాక్యుమెంట్లనూ తీస్తుంది. ఇది పట్టీ చూడదు, బెంచీ బెంచీ తిరిగి మొహం చూసి గుర్తుపడుతుంది. డాక్స్ ఫైల్, అంటే వర్డ్ ఫైల్, నిజానికి కొన్ని ఫైళ్లను కుదించి కట్టిన ఒక జిప్ మూట, మొదట్లో పీకే అనే రెండక్షరాలుంటాయి, అలాంటి ఆనవాళ్లు పట్టుకుని తీస్తుంది. నల్ల తెర మీద బాణం గుర్తులతో నడపాలి, అంత అందంగా ఏమీ ఉండదు. ఖాళీ జాగాలోనే వెతకమన్నాను. సాయంత్రానికి వందల కొద్దీ డాక్స్ ఫైళ్లు బయటపడ్డాయి, ఒక్కదానికీ పేరు లేదు, ఎఫ్ పక్కన అంకెలు, అంతే.

సైజు ప్రకారం పేర్చి పెద్దవి తెరుస్తూ పోయాను. కొన్ని తెరుచుకోలేదు, ముక్కలై వేర్వేరు చోట్ల ఉన్న ఫైళ్లను ఫోటోరెక్ సరిగా అతకలేదు. తెరుచుకున్నవాటిలో మాటల ఫైల్ ఒకటి కాదు, ముప్పైకి పైనే! అన్నీ కుబుసాలు. పేరు పోయినా చివరిసారి సేవ్ చేసిన తేదీ ఫైల్ లోపలే ఉంటుంది, వర్డ్‌లో ఇన్ఫో తెరిస్తే కనిపిస్తుంది. బాగున్నవాటిలో అన్నిటికన్నా కొత్తది తొమ్మిది రోజుల కిందటిది. మధ్యలో చేర్చిన మాటలు పాతిక లోపే, అవి ఆయన డైరీలో ఉన్నాయట.

రాత్రి డిస్క్ మళ్లీ బిగించి ఫైల్‌ను దాని చోట పెట్టాను, గూగుల్ డ్రైవ్‌లోనూ ఒకటి పెట్టాను. అక్కడ పాత వెర్షన్లు 30 రోజులు ఉంటాయి. వర్డ్‌లో బ్యాకప్ కాపీ ఆప్షన్ కూడా ఆన్ చేశాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదువుకుంటూ కూర్చున్నారు, అమ్మ భోజనానికి పిలిచినా పలకలేదు. ఓ గంట తర్వాత తలెత్తి అడిగారు.

"అమ్మా, మరి నా బ్యాంకు ఉత్తరం ఏదీ?"

ఫైల్ పెట్టేటప్పుడు అదే పేరుతో ఇంకోటి ఉందని విండోస్ అడిగింది. నేనే రీప్లేస్ నొక్కాను.