ఫ్లడ్‌లైట్ల కింద స్కూలు కబడ్డీ: మూడు ఫ్రేముల్లో రెండు చీకటి

మళ్లీ అదే అయింది. అండర్-17 బాలికల కబడ్డీ, రాత్రి ఏడు దాటాక ఆట. 412 ఫ్రేములు తీస్తే పనికొచ్చినవి 131. ఫోకస్ తప్పినవి పట్టుమని పాతిక లేవు, మిగతావన్నీ వెలుగు తేడాతోనే పోయాయి. ఒక కూతలో అమ్మాయి బోనస్ గీత అవతల కాలు వేసింది, వెనక పాదం గాల్లో ఉంది, చూపు ఎడమ మూల డిఫెండర్ మీద ఉంది. అన్నీ కుదిరిన ఆ ఫ్రేములో ముఖం మీద వెలుగు లేదు. దాని ముందు ఫ్రేము శుభ్రంగా ఉంది, కానీ అందులో కాలింకా గీత దాటలేదు. ఎంత ఉసూరుమనిపించిందో!

పగటి ఆటలు ఈసారి బాగానే వచ్చాయి. మిట్టమధ్యాహ్నం ఖో-ఖోకి ఎర్రమట్టి నేలే రిఫ్లెక్టర్‌లా పనిచేసింది, రా ఫైళ్లలో ఆ నారింజ ఛాయ కాస్త తగ్గిస్తే చాలు. జల్లులో తీసినవీ బాగున్నాయి. లెన్సుకు పాలిథీన్ కవరు, రబ్బరు బ్యాండు, హుడ్ మాత్రం బయటికి. వేలకు వేలు పోసి రెయిన్ కవర్ కొనడం అనవసరమని నా అభిప్రాయం.

ఇక అసలు తలనొప్పి. కెమెరా కానన్ ఆర్7, అడాప్టర్ మీద ఈఎఫ్ 70-200 ఎఫ్ 2.8 లెన్సు. లెన్సు ద్వారం ఎఫ్ 2.8, షట్టర్ తెరిచి ఉండేది సెకనులో 1/1000 వంతు, కోర్టు మధ్యలో సెన్సారు సున్నితత్వం ఐఎస్ఓ 12800. మెకానికల్ షట్టర్, సెకనుకు 15 ఫ్రేములు. కోర్టు నాలుగు మూలలా నాలుగు స్తంభాలు, ఒక్కోదానికి 200 వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్‌లైట్లు మూడేసి.

వరస ఫ్రేముల హిస్టోగ్రాములు (వెలుగు చీకట్ల గ్రాఫులు) పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పద్ధతి కనపడింది. ఒకటి బాగు, రెండు చీకటి, మళ్లీ ఒకటి బాగు, రెండు చీకటి. లెక్క వేస్తే సరిపోయింది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఒక్కో చక్రంలో వెలుగు రెండుసార్లు లేస్తుంది కాబట్టి దీపం సెకనుకు 100 సార్లు, అంటే 10 మిల్లీసెకన్లకోసారి ఎగసి పడుతుంది. సెకనుకు 15 ఫ్రేములంటే ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 66.7 మిల్లీసెకన్లు. అందులో పదులు తీసేస్తే 6.7 మిగులుతుంది. మొదటి ఫ్రేము వెలుగు శిఖరం మీద పడితే రెండోది 6.7 దగ్గర, మూడోది 3.3 దగ్గర పడుతుంది, నాలుగోది మళ్లీ శిఖరం మీదికొస్తుంది. అందుకే మూడింటికి ఒకటి. కెమెరా వేగం కచ్చితంగా 15 ఉండదు కనుక ఈ వరస మెల్లగా జారుతూ ఉంటుంది. పొడవాటి బరస్టులో (ఆపకుండా తీసిన వరసలో) మధ్యలో కాసేపు మూడూ ఒక మోస్తరుగా కనపడేది అందుకే.

షట్టర్ తగ్గిస్తే తేడా ఎంత తగ్గుతుందో ఆట మొదలవకముందే ఖాళీ కోర్టు మీద కొలిచాను. బాగున్న ఫ్రేముకీ చీకటి ఫ్రేముకీ మధ్య 1/1000 దగ్గర 1.7 స్టాపుల తేడా (ఒక స్టాపంటే వెలుగు రెట్టింపు లేదా సగం). 1/250 దగ్గర కూడా 1.2 ఉంది, ఇది నేను అనుకోలేదు. 1/160 దగ్గర 0.7, 1/125 దగ్గర 0.4, 1/100 దగ్గర ఏమీ లేదు, ఎందుకంటే పూర్తి చక్రం ఒక ఫ్రేములో ఇమిడిపోతుంది. కానీ 1/100 తో కబడ్డీ తీయలేం. రైడర్ చెయ్యి సెకనుకు 5 మీటర్లు కదిలిందనుకున్నా ఆ పది మిల్లీసెకన్లలో 5 సెంటీమీటర్లు జరిగిపోతుంది, వేళ్లు ఆనవాలు లేకుండా పోతాయి. కూతకు బయల్దేరేముందు మధ్య గీత తాకే క్షణానికీ, పట్టు బిగిసి అందరూ కుప్పగా నేల మీద ఆగిన క్షణానికీ 1/125 సరిపోతుంది. అంతకుమించి ఆశపడకూడదు.

యాంటీ ఫ్లికర్, అంటే దీపం వెలుగు శిఖరానికి చేరే క్షణం చూసి షట్టర్ వదిలే సౌకర్యం, ఆన్ చేయొచ్చుగా అంటారు. చేశాను. ఈ సౌకర్యం కానన్ 7డీ మార్క్ 2 తో 2014 లో వచ్చింది, సెకండ్ హ్యాండులో ఆ బాడీ దొరికితే స్కూలు ఆటలకు ఇప్పటికీ కళ్లు మూసుకుని కొనొచ్చు. ఆర్7లో కూడా బాగానే పనిచేస్తుంది. నాకు దగ్గరగా ఉన్న సగం కోర్టులో ప్రతి ఫ్రేమూ ఒకేలా వచ్చింది. బరస్టు కొద్దిగా నెమ్మదించింది, శిఖరం కోసం ఆగాలి కదా. అయితే అవతలి కుడి మూల మాత్రం ప్రతి ఫ్రేములోనూ ఒక స్టాపు పైచిలుకు చీకటి. ముందు వంతులవారీగా వచ్చే చీకటి ఇప్పుడు ఆ మూలలో స్థిరపడింది. కూత అటు వెళ్లిందంటే ఆ ఫొటో పోయినట్టే.

మొదట ఆ స్తంభం దీపాలు పాతబడ్డాయనుకున్నాను. 1/100 తో మళ్లీ కొలిస్తే అన్ని మూలలూ సమానంగా వచ్చాయి. దీపాల బలంలో తేడా లేదు, తేడా సమయంలో ఉంది. అంటే స్తంభాలు వేర్వేరు ఫేజుల మీద ఉండి ఉండాలి, ఒక్కో ఫేజులో కరెంటు ఎగసి పడే సమయం వేరు.

రుజువుకి రెండు తెల్ల డ్రాయింగ్ చార్టులు చాలు. ఒకటి ఈ స్తంభం వైపు తిప్పి, ఇంకొకటి ఆ స్తంభం వైపు తిప్పి, రెండూ ఒకే ఫ్రేములో పక్కపక్కన వచ్చేలా పెట్టాలి. కెమెరా అడ్డంగా, ఎలక్ట్రానిక్ షట్టర్, 1/4000. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సారును పై నుంచి కిందికి నెమ్మదిగా చదువుతుంది కాబట్టి చార్టు మీద అడ్డ చారలు పడతాయి. ఆర్7 ఫ్రేము ఎత్తు 4640 పిక్సెళ్లు, అందులో చీకటి పట్టీలు దాదాపు మూడు. పట్టీకీ పట్టీకీ మధ్య 1540 పిక్సెళ్లు, అంటే 1540 పిక్సెళ్లు 10 మిల్లీసెకన్లతో సమానం. సెన్సారు మొత్తం చదవడానికి 30 మిల్లీసెకన్లు పడుతోందన్నమాట. వేగంగా కదిలే ఆటకు ఈ బాడీలో ఎలక్ట్రానిక్ షట్టర్ వద్దనడానికి ఇదొక్కటి చాలు, దీపాల సంగతి అలా ఉంచినా చేతులు వంగిపోతాయి. ఇక రెండో చార్టు మీది పట్టీలు మొదటి చార్టు పట్టీల కంటే 510 పిక్సెళ్లు కిందికి ఉన్నాయి. 1540లో మూడో వంతు, అంటే 3.3 మిల్లీసెకన్లు. మూడు ఫేజుల దీపాల మధ్య ఉండాల్సిన తేడా సరిగ్గా అంతే. ఆ కొలత తేలాక మనసు కుదుటపడింది.

నాలుగు మూలలూ ఇలాగే చూస్తే ఒకటీ నాలుగూ ఒకే ఫేజు, రెండు వేరు, మూడు ఇంకా వేరు. ఫ్రేములో ఎక్కువ భాగాన్ని ఏ స్తంభం వెలిగిస్తే కెమెరా దాని శిఖరాన్నే పట్టుకుంటుందని నా అనుమానం. కెమెరాను తిప్పుకుంటూ పోతే చీకటి మూల మారుతోంది కాబట్టి అలా అనుకుంటున్నాను.

ఈ ఊహకి బలం అనుకోకుండా దొరికింది. మధ్యలో కరెంటు పోయి, టెంట్ హౌస్ వాళ్ల చిన్న సింగిల్ ఫేజ్ జెనరేటర్ మీద పావుగంట ఆట నడిచింది. ఆ పావుగంటలో కోర్టంతా ఒకే వెలుగు, ఏ మూలా చీకటి లేదు! అన్ని స్తంభాలూ ఒకే ఫేజు మీదికి వచ్చాయి కదా. అయితే అయిదారు ఫ్రేములకోసారి మొత్తం ఫ్రేము మసకబారింది. చార్టు మీద చూస్తే పట్టీల మధ్య దూరం 1540 నుంచి 1480కి తగ్గింది. అంటే 9.6 మిల్లీసెకన్లు, జెనరేటర్ 52 హెర్ట్జ్ దగ్గర తిరుగుతోంది. లోడు తక్కువైతే ఇంజను కాస్త వేగంగా తిరగడం మామూలే. కెమెరా 100 కి సిద్ధపడి ఉంటే 104 వస్తోంది, అప్పుడప్పుడు తప్పిపోవడం అందుకే అయ్యుండాలి. ఇది మాత్రం ఇంకా ఊహే.

జనం హాలోజన్ అని పిలిచే పాత మెటల్ హాలైడ్ దీపాలైతే ఇంకో చిక్కు, వెలుగుతో పాటు ఫ్రేము ఫ్రేముకీ రంగూ మారుతుంది. అలాంటి గ్రౌండులో తెల్ల జెర్సీ చూసి ఒక్కో ఫొటోకి విడిగా రంగు సరిచేయాల్సిందే.

ఫ్లాష్ వేయొచ్చు కదా అని సలహా వస్తూనే ఉంటుంది. కూతలో ఉన్న పిల్ల కళ్లలోకి ఫ్లాష్ కొట్టడం నాకు సమ్మతం కాదు, ఆట చెడుతుంది, రిఫరీ ఊరుకోరు కూడా. పాత ఈఎఫ్ 85 ఎఫ్ 1.8 మాత్రం మంచి సాయం. ఎఫ్ 2 దగ్గర ఒక స్టాపు మిగిలింది, ఐఎస్ఓ 6400కి దిగొచ్చు. కాకపోతే 9 మీటర్ల దూరంలో ఫోకస్ నిలిచే లోతు 85 సెంటీమీటర్లే. రైడర్ ముఖం, ఆమె చీలమండ పట్టిన చెయ్యి, రెండూ నిలవాలంటే పక్క గీత దగ్గర కూర్చుని అడ్డంగా తీయాలి. చేతులు కలిపి చైన్‌గా వచ్చే ముగ్గురు డిఫెండర్లూ నిలవరు.

వచ్చే ఆటకి రెండు దారులున్నాయి. ప్రతి స్తంభం మీది మూడు దీపాలనూ మూడు ఫేజులకు కలిపితే ఒకటి పడేచోట ఇంకొకటి లేస్తుంది, మిణుకు దాదాపు మాయమవుతుంది. అన్నిటికన్నా మంచి పద్ధతి ఇదే, కానీ ఇప్పుడు స్తంభానికి రెండు తీగలే వెళ్తున్నాయి, కొత్త కేబుల్ లాగాలి. రెండోది సులువు, ఆ ఒక్క సాయంత్రానికి నాలుగు స్తంభాలూ ఒకే ఫేజు మీద పెట్టడం. మొత్తం 2400 వాట్లు, పది పదకొండు ఆంపియర్లు. ఆ తీగ, ఆ ఫ్యూజు అంత మోస్తాయో లేదో ఎలక్ట్రీషియనే చూసి చెప్పాలి, బోర్డు మీద ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. పీఈటీ సారు సరేనన్నారు, ఎలక్ట్రీషియన్‌ను ఆటకు గంట ముందు రమ్మన్నారు.

రెండూ కుదరకపోతే అవతలి ఎండ్ లైన్ వెనక్కి మారి, ఒకటీ నాలుగూ స్తంభాలు వెలిగించే సగాన్నే తీస్తాను. చార్టులు నాలుగు కొన్నాను, ఈసారి నాలుగు మూలలూ ఒకే ఫ్రేములో కొలవాలి.